గాలిని నమ్మే జనాన్ని కల్పించబోయి నేను పడ్డ పాట్లు

పోయినేడు ఆషాఢంలో మొదలుపెట్టిన పని ఇది, మొన్న సంక్రాంతి దాటాక గానీ ఒక కొలిక్కి రాలేదు. ఏం పని అంటే చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. లోకంలో లేని ఒక సంచార జాతిని కల్పించడం, వాళ్లకు గాలి మీద ఒక నమ్మకం ఏర్పరచడం. జీతం వచ్చేది కాదు, ఎవరూ అడిగింది కాదు. గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకోవడం అంటారే, అచ్చంగా అదే.

కొంచెం ముందు నుంచి చెప్తాను. హైదరాబాద్‌లో మేం ఐదుగురం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో కూడి రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతాం. ఫోన్‌లో ఆడేది కాదు, టేబుల్ చుట్టూ కూర్చుని కాగితాలూ పాచికలూ ముందేసుకుని నోటితో కథ చెప్పుకుంటూ ఆడేది. కథ నడిపేవాణ్ని గేమ్ మాస్టర్ అంటారు, అది నేను. మిగతా నలుగురూ తలో పాత్ర పట్టుకుంటారు: ఒక డాక్టరు, ఒక లాయరు, బ్యాంకులో పనిచేసే మా బావమరిది, హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచరమ్మ. తమ పాత్ర ఏం చేయాలనుకుంటుందో వాళ్లు చెప్తారు, అది కుదిరిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది, ఆ తర్వాత ఏమైందో నేను చెప్తాను. మా ఆవిడ దీన్ని పెద్దోళ్ల బొమ్మరిల్లు అంటుంది. కాదనడానికి నా దగ్గర వాదనేమీ లేదు.

మా కథలో ఒక రాతి నగరం ఉంది. దానికి ఉత్తరాన చెట్టూ చేమా లేని పెద్ద మెరక, ఆ మెరక మీద ఉప్పు సరస్సులు. నగరానికి ఆ ఉప్పు కావాలి, దారేమో మెరక మీద మందలు తోలుకుంటూ తిరిగే జనం చేతిలో ఉంది. ఆ జనం ఎవరు, వాళ్లు దేన్ని నమ్ముతారు అన్నది నేను తేల్చాలి. మెరక మీద గాలి తప్ప ఇంకేముంటుంది, గాలినే కొలుస్తారు అని రాసుకున్నాను. అరగంటలో అయిపోతుందనుకున్నాను.

అరగంటలోనే అయిపోయింది కూడా. జనం పేరు జెఫీరియన్లు. నాలుగు దిక్కులకు నలుగురు గాలి దేవతలు, ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక జంతువు, ఒక పండగ. పూజారులకు ఈకల కిరీటాలు. ఎక్సెల్ షీట్‌లో గడులు కట్టి మరీ నింపాను. ఆదివారం అది చదివి వినిపిస్తుంటే టీచరమ్మ ఫోన్ చూసుకుంటోంది. బావమరిది మాత్రం చివరిదాకా విని, "బావా, జెఫీరియన్ అంటే సీలింగ్ ఫ్యాన్ కంపెనీలా ఉంది, రెండేళ్ల వారంటీ ఇస్తారా?" అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అసలు బాధ పేరు గురించి కాదు. ఆ వారం ఆటలో వాళ్లు మెరక మీదికి వెళ్లారు, జెఫీరియన్లను కలిశారు, ఉప్పు బేరం ఆడారు, వచ్చేశారు. నా నలుగురు దేవతలూ ఎక్కడా అడ్డం పడలేదు, సాయమూ పడలేదు. వాళ్లను తీసేసి నాలుగు చేపల్ని పెట్టినా కథ అలాగే నడిచేది. వెళ్తూ వెళ్తూ డాక్టరు చెప్పులేసుకుంటూ ఒక మాట అన్నాడు. "శనివారం మా అమ్మ ఒంటిపొద్దు ఉంటే నాకు టిఫిన్ లేటవుతుంది. నమ్మకం అంటే అదిరా. నీ గాలి దేవతల వల్ల ఎవరికైనా టిఫిన్ లేటవుతోందా?"

ఆ ప్రశ్నతో నాలుగు నెలలు గడిచాయి.

మొదట అందరూ చేసే పనే చేశాను, నిజంగా గాలిని పట్టించుకునే జనాల గురించి దొరికినవన్నీ చదవడం. మంగోలియా నుంచి మొదలుపెట్టాను. అక్కడి సంచారుల గుడారాన్ని గెర్ అంటారు, దాని గుమ్మం దక్షిణానికి పెడతారు, ఎందుకంటే చలిగాలి ఉత్తరం వైపు నుంచి వస్తుంది. గుమ్మం దక్షిణానికి ఉంటే వెనకవైపు, అంటే ఉత్తరం, గుడారంలో గుమ్మానికి అన్నిటికన్నా దూరమైన చోటు. ఆ చోటే గౌరవస్థానం, పెద్దల్నీ అతిథుల్నీ అక్కడ కూర్చోబెడతారు, దేవుడి పటాలు కూడా అక్కడే. దీన్ని రెండు మూడు సార్లు చదివాను. చలికి వీపు పెట్టుకోవడం ఒక అవసరం, అదే మర్యాద అయింది, అదే భక్తి అయింది. నా ఎక్సెల్ షీట్‌లో ఇలాంటి గడి ఒక్కటీ లేదు. పైగా వాళ్లకు హీమోరి అని ఒకటుంది, గాలిగుర్రం అని దాని అర్థం. గుడ్డ జెండాల మీద గుర్రం బొమ్మ వేసి గాలికి ఎగరేస్తారు, 1992లో తెచ్చుకున్న వాళ్ల దేశ చిహ్నంలోనూ ఆ గుర్రమే ఉంటుంది. కానీ హీమోరి అంటే బయట ఎగిరే బొమ్మ ఒక్కటే కాదు. మనిషి లోపలి సత్తువ, అదృష్టం కూడా అదే. అది పైకి లేస్తుంది, కిందికి పడుతుంది.

ఇరాన్ దక్షిణ తీరంలో, ఖేష్మ్ దీవిలో, ఆ చుట్టుపక్కల ఇంకో రకం. అక్కడ కొన్ని జబ్బులకు కారణం మనిషిలో దూరిన గాలి. ఆ గాలులకు పేర్లుంటాయి, ఇష్టాయిష్టాలుంటాయి. బాబా జార్ అనో మామా జార్ అనో పిలిచే పెద్ద ఒకరు డప్పులు వాయించి, పాడి, దూరిన గాలి ఏదో కనుక్కుని దానికి ఏం కావాలో అడుగుతారు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్లతో, బానిసలుగా తెచ్చినవాళ్లతో ఈ ఆచారం సముద్రం దాటిందని చెప్తారు. గాలి పట్టినవాళ్లను అహ్ల్-ఎ-హవా అంటారు, అంటే హవా మనుషులు. ఇది చదువుతూ నాలో నేనే నవ్వుకున్నాను. చిన్నప్పుడు నేను సాయంత్రం పూట చింతచెట్టు కిందినుంచి వచ్చి జ్వరంతో పడుకుంటే మా జేజి అన్న మొదటి మాట "గాలీ ధూళీ సోకిందేమో". ఎర్రనీళ్లు దిగదుడిచి పోసేది. ఖేష్మ్ దీవి ముసలమ్మకు మా జేజి మాట అర్థం చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక తప్పు చేశాను, అదీ చెప్పాలి. అమెరికాలో నవాహో జనానికి గాలి చాలా పెద్ద విషయం, మనిషి లోపల నిలిచి ఉండే ప్రాణమే గాలి, వేలికొసల మీద కనిపించే సుడులు ఆ గాలి వెళ్లిన జాడ అని వాళ్ల నమ్మకం. చదవగానే అబ్బ అనిపించి, ఉన్నదున్నట్టు ఎత్తి నా జనానికి పెట్టేశాను. ఆదివారం గొప్పగా వినిపించాను. టీచరమ్మ, "ఇది మీరు కల్పించిందా?" అంది. కాదన్నాను. "మరి వాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదండీ. రేపు ఎవరో తిరుపతి వెంకన్న తలనీలాల మొక్కు పట్టుకెళ్లి వాళ్ల ఆటలో గోబ్లిన్లనే మరుగుజ్జు భూతాలకు పెడితే మీకెలా ఉంటుంది?" నాకు వెంటనే కోపం వచ్చింది, ఆట ఆటే కదా అని వాదించాను, రాత్రి పడుకున్నాక ఆవిడ చెప్పింది నిజమే అనిపించింది. తీసేశాను. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: చదివినవాటిలో ఆ నమ్మకం ఎలా పుట్టిందో అది నేర్చుకోవచ్చు, నమ్మకాన్ని మాత్రం ఎత్తుకురాకూడదు. పుట్టించేది నా ఇంటి సరుకుతోనే పుట్టించాలి.

ఇంటి సరుకు అంటే నాకు భాషే. ఒక కాగితం మీద గాలి అని రాసి, దాని కింద తెలుగులో గాలితో ఏమేం అంటామో రాస్తూ పోయాను. పిల్లగాలి, పైరగాలి, వడగాలి, ఈదురుగాలి, సుడిగాలి. సుడి దగ్గర ఆగాను. సుడిగాలిలో సుడి, నీళ్లలో సుడి, తల మీద వెంట్రుకల సుడి, అన్నిటికీ ఒకటే మాట. తల మీద రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అంటారు. ఎద్దును కొనేవాడు ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడకుండా బేరం ఆడడు. చివరికి "వాడికి సుడి ఉందిరా" అంటే అదృష్టం ఉందని! మంగోలియా వాళ్ల గాలిగుర్రం అదృష్టం అయినట్టే మనకు గాలి తిరుగుడు అదృష్టం అయి కూర్చుంది, ఇన్నేళ్లూ నేను గమనించనే లేదు. సరే, ఇది నాది, దీన్ని వాడుకోవచ్చు. నా జనంలో బిడ్డ పుట్టగానే మంత్రసాని చూసేది నడినెత్తి సుడి. గాలి మొదట ముట్టుకున్న చోటు అది. రెండు సుడులున్న బిడ్డను రెండు గాలులు పిలుస్తాయి కాబట్టి ఒక గుంపులో నిలవడు, అలాంటివాళ్లనే ఊళ్లకు రాయబారానికి పంపుతారు.

అదే కాగితం మీద ఇంకో వరస కూడా పడింది. గాలి మాటలు. గాలి కబుర్లు. గాలి వార్త. మాట గాలికి పోయింది. చదువు గాలికి వదిలేశాడు. అంతా చూస్తే తెలుగువాడికి గాలి అంటే చెల్లనిది, నిలకడ లేనిది. ఎందుకని? మనం ఒకచోట ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లం. మనకు నిలిచేది రాయి, అందుకే శిలాశాసనం అంటాం. నిప్పు అగ్నిసాక్షి. మరి రాయి కూడా మోసుకుపోలేనివాళ్లు, పేడ పిడకలు తప్ప కట్టెలు దొరకని మెరక మీద తిరిగేవాళ్లు దేన్ని సాక్షి పెట్టుకుంటారు? ఎక్కడికి పోయినా వెంట వచ్చేది ఏది?

ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుని రాసుకున్నాను: వీళ్లకు గాలి దేవుడు కాదు. మొక్కులూ లేవు, పండగా లేదు. గాలి సాక్షి. మాట నోటినుంచి వచ్చి గాలిలో కలిస్తేనే అది జరిగినట్టు. వీళ్ల భాషలో గాలి మాట అంటే ఒట్టు.

మిగతాదంతా దీని చుట్టూ అల్లుకుంది, కానీ అల్లడానికి ఇద్దరు మనుషులు సాయం చేశారు. ఒకరు టీచరమ్మ. గాలి ఎప్పుడు ఉండదు అని అడిగితే ఆవిడ చెప్పింది, రాత్రి నేల చల్లబడుతుంది, నేలకు ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే పడి ఉంటుంది, పైన గాలి వీస్తున్నా కిందికి దిగదు, అందుకే తెల్లవారుజామున ఆకు కదలదు, పొద్దెక్కి నేల వేడెక్కాక మళ్లీ మొదలవుతుంది. అంటే నా జనానికి ప్రతిరోజూ సాక్షి లేని ఒక గంట ఉంది! ఆ గంటలో ఒట్టు పెట్టుకోరు, బేరం ఆడరు, పిల్లకు పేరు పెట్టరు. కానీ దొంగ ప్రేమలు, అత్తాకోడళ్ల తిట్లు, ఎవరికీ చెప్పుకోలేని ఏడుపులు అన్నీ ఆ గంటలోనే. ఆ గంటలో అన్న మాటను పొద్దెక్కాక ఎత్తి చూపకూడదు. ఇది రాసుకున్నప్పుడు మొదటిసారి నాకు ఆ జనం మధ్యలో తిరగాలనిపించింది.

రెండో మనిషి ఒక గొర్రెల కాపరి. దసరాకు ఊరెళ్లాను. మాది రామగిరి కొండలకు దగ్గర పల్లె, ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే సీమ, గాలికి మాత్రం ఎప్పుడూ కరువు లేదు. తొంభైల్లో ఆ కొండల మీద గాలిమరలు పెట్టారు. మా ఊళ్లో చాలామంది, మా జేజితో సహా, ఆ రెక్కలే మబ్బుల్ని తోలేస్తున్నాయి, అందుకే వాన లేదు అనేవాళ్లు. వాన లేనిది అంతకు ముందు కూడా. అది తెలిసీ అనేవాళ్లు. నమ్మకం ఎలా పుడుతుందో చదవడానికి నేను మంగోలియా దాకా పోయాను గానీ ఒకటి నా కళ్లముందే పుట్టింది.

ఆ దసరాకు మా చేలో మంద కట్టించారు, ఎరువు కోసం. రాత్రి కంబళి కప్పుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికి పోయి గాలి గురించి అడిగాను. పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. తర్వాత బీడీ అంటించుకుని, "గొర్రె గాలికి మొగం పెట్టి మేస్తాది నాయనా. గాలెంబడి పోయేదాన్ని చూస్తే దానికి ఏదో జబ్బు చేసిందని లెక్క" అన్నాడు. అంతే. గొర్రెల శాస్త్రంలో ఇది ఎంతవరకు నిలుస్తుందో ఏమో గానీ నా జనానికి ఇంతకన్నా పెద్ద వాక్యం అక్కర్లేదు. బతికినోళ్లు గాలికి ఎదురు, పోయినోళ్లు గాలి వెంట. తెలుగులో గాలివాటం మనిషి అంటే పూటకో మాట మార్చేవాడు, వాళ్ల భాషలో "గాలివాటం పోయాడు" అంటే చచ్చిపోయాడు.

శవాల సంగతి కూడా ఇక్కడే తేలింది. అంతకుముందు శవాన్ని గుడారాలకు గాలి వచ్చే వైపు పెడతారని, ఆఖరి మాటలు గుంపు మీదుగా ఒకసారి వీచి పోవాలని రాసుకున్నాను, చాలా కవిత్వంగా ఉందని మురిసిపోయాను. డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మూడోరోజు కంపు మొత్తం వంటల దగ్గరికే వస్తుంది కదరా." మార్చాను. గాలి పోయే వైపు పెడతారు, తెల్లారి గుంపు ఎదురుగాలికి కదిలిపోతుంది, వెనక్కి తిరిగి చూడరు. ఈ మార్పుతో శుభ్రతా వచ్చింది, గొర్రెల కాపరి వాక్యమూ అతికింది. గాలి వేగం తగ్గినచోట మోసుకొచ్చిన ఇసుక పడిపోయి గుట్టలు కడుతుంది కదా, అలా మెరక చివర ఒక కొండ చాటున ఇసుక దిబ్బలున్నాయి. వాళ్ల లెక్కలో అవి ఇన్నాళ్లూ గాలి మోసిన మాటలు, పోయినోళ్లవీ ఉన్నోళ్లవీ. అక్కడ ఎవరూ గుడారం వేయరు. పిల్లలు మాత్రం పందేలు కట్టుకుని పోయి దిబ్బకు చెవి ఆనించి వస్తారు.

పేరు కూడా మారింది. నగరం వాళ్లు ఆ జనాన్ని విసురోళ్లు అంటారు, గాలి విసురుకు తిరిగేవాళ్లని. వాళ్లు మాత్రం తమను ఉన్నోళ్లు అనుకుంటారు, అంటే ఇంకా ఎదురుగాలికి నడుస్తున్నవాళ్లు. "ఉన్నోళ్లంటే డబ్బున్నోళ్లు కదా, వీళ్లకు గొర్రెలు తప్ప ఏమున్నాయి" అని బావమరిది. వాడికి ఏది చెప్పినా అంతే.

నవంబర్‌లో మళ్లీ ఆటలోకి దింపాను. ఈసారి చదివి వినిపించలేదు, గాలి సాక్షి అన్న సంగతి ఒక్క ముక్క కూడా ముందు చెప్పలేదు. నగరంలో రాతి కొలువులో, తలుపులన్నీ మూసి, ఉప్పు దారి మీద ఒప్పందం జరిగింది. విసురోళ్ల పెద్ద వచ్చి, విని, సరే అని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే వాళ్ల మనుషులు ఉప్పు బండ్లను ఆపేశారు. మావాళ్లు మండిపడుతూ మెరక ఎక్కారు. పెద్దను పట్టుకుని నువ్వు మాట ఇచ్చావు కదా అంటే, ఆయన నిజంగా అర్థం కానట్టు చూసి, "అక్కడ మాట ఎక్కడుంది? ఆకు కూడా కదల్లేదు" అన్నాడు. సరే ఇక్కడ చెప్పు, దారి ఇస్తావా అని అడిగారు. పిడికెడు గొర్రెబొచ్చు తీసి పైకి ఎగరేసి, అది ఎగిరిపోయేదాకా చూసి, ఆయన అన్నాడు: "ఇస్తాను. ఇది గాలి మాట."

"అంటే అబద్ధమనేగా! ఒప్పేసుకున్నాడు!" అని లాయరు కుర్చీలోంచి లేచాడు. కత్తి తీస్తున్నానని పాచిక వేసేశాడు కూడా. అది 3 పడింది కాబట్టి కత్తి ఒరలో ఇరుక్కుంది, లేకపోతే ఆ రోజుతో కథ అయిపోయేది. ఆ తర్వాత దాదాపు గంటసేపు వాళ్లు నన్ను కాదు, ఆ పెద్దను ప్రశ్నలడిగారు. నేను ఆయన గొంతుతో జవాబులు చెప్పాను. ఎక్సెల్ షీట్ వైపు చూడాల్సిన అవసరమే రాలేదు. మధ్యలో టీచరమ్మ ఒక్కసారిగా, "అయితే తెల్లవారుజామున నా పాత్రకు ఆ ఉప్పమ్మే ఆవిడ చెప్పింది...?" అని ఆగిపోయింది. అది సాక్షి లేని గంట. అక్కడ విన్నదాన్ని ఆవిడ అప్పటికే పగలు అందరి ముందూ బయటపెట్టేసింది. ఆ ఉప్పమ్మే ఆవిడ మళ్లీ వాళ్లతో మాట్లాడలేదు. డాక్టరు నావైపు చూసి, "టిఫిన్ లేటయింది" అన్నాడు. ఆరు నెలల్లో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

తర్వాతి వారం లాయరు తయారై వచ్చాడు. వాళ్ల వృత్తి లక్షణం. "మళ్లీ కొలువులోనే ఒప్పందం పెడతాం. ఇద్దరు నౌకర్లు విసనకర్రలతో విసురుతుంటారు. గాలి ఉన్నట్టేగా? ఇప్పుడు చెల్లుతుందా చెల్లదా చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఐదు నిమిషాలు టీ బ్రేక్ అన్నాను. బాల్కనీలో నిలబడి టీ తాగుతుంటే మా జేజినాయన కళ్లం గుర్తొచ్చింది. కంకులు తొక్కించాక గింజల్ని చేటతో ఎత్తి గాలికి పోస్తారు, తాలు ఎగిరిపోతుంది, గింజ కిందపడుతుంది, దాన్నే తూర్పారబట్టడం అంటాం. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని సామెత కూడా. గాలి రాని రోజు ఇంట్లో ఆడవాళ్లు రెండు చేటలు పట్టుకుని అటూ ఇటూ నిలబడి విసిరేవాళ్లు, పని ఆగకూడదని. జేజినాయనకు అది నచ్చేది కాదు. రాత్రి ఒంటిగంటకైనా సరే లేచి కూర్చుని గాలి కోసం చూసేవాడు. "చేటగాలికి తాలు పోతాది గానీ అరకొర గింజ పోదు" అని ఆయన. "పొద్దున్నే సంతకు గింజలు పోవాల్నా వద్దా" అని జేజి. ఇద్దరిదీ ఒకే కళ్లం, ఒకే గింజ, ప్రతి ఏడూ అదే గొడవ.

లోపలికి వచ్చి చెప్పాను. మీ ఒప్పందం జరిగింది. పెద్ద సరేనన్నాడు. ఆయన గుంపుకు తిరిగి వెళ్లాక ఆ రాత్రే గుంపు రెండుగా చీలింది. సగంమంది చేతిగాలీ గాలే, బొచ్చు ఎగిరిందా లేదా అంతే అన్నారు. సగంమంది, పిలిస్తే వచ్చిన సాక్షి సాక్షి కాదు, కూలోడు అన్నారు. ఆ పెద్దాయన కూతురు రెండో పక్షాన నిలబడి తండ్రికి ఎదురు తిరిగింది. ఉప్పమ్మే ఆవిడ మాత్రం గాలి గాలే, మీరంతా మనుషుల్లా బేరం ఆడటం చేతకాక దాన్ని లాగుతున్నారు అంది. లాయరు నోరు తెరిచి మూశాడు. తను తలపెట్టిన తెలివితేటలకు ఒక జనం చీలిపోతుందని అనుకోలేదట. సంక్రాంతి దాకా మేం ఆడింది ఆ చీలిక కథే, ఉప్పు సంగతి అందరం మర్చిపోయాం.

నాకు ఇక్కడ తగిలిన విషయం ఏంటంటే, నేను మొదటినుంచీ ఆ జనమంతా ఒకే నమ్మకంతో ఒకే రకంగా ఉంటారని అనుకుంటూ వచ్చాను. సంచార జాతి అనగానే అలా అనిపిస్తుందేమో, అందరూ గంభీరంగా దూరంగా చూస్తూ నిలబడినట్టు. మా ఇంట్లో నలుగురం ఉంటే శ్రీకాళహస్తి వాయులింగం దగ్గర దీపం రెపరెపలాడటం చూసి ఒకరు దండం పెట్టుకున్నాం, ఒకరు గాలి ఎక్కడినుంచి వస్తోందా అని గోడలు వెతికాం, ఒకరు క్యూలో కాళ్లు నొప్పులని కూర్చున్నాం, మా ఆవిడ మూడూ చేసింది.

పారేసినవి కూడా చాలా ఉన్నాయి. ఈల వేయకూడదన్న నిషేధం ఒకటి పెట్టి తీసేశాను, గొర్రెలు కాసేవాడు ఈల వేయకుండా ఎలా బతుకుతాడు? గాలికి 30 పేర్లు కల్పించాను, ఆటలో వాడింది మూడు. ఒక పాట రాశాను, దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి జేజికి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. చేటల గొడవ కథలో పెట్టానంటే సంబరపడింది, అయితే తనే గెలిచిందా అని అడిగింది. ఇంకా తేలలేదన్నాను. గాలి లేనిచోట ఇచ్చిన మాట చెల్లదన్న సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు, సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"అయితే ఫోన్లో గాలుంటాదా నాయనా?"

"ఉండదు జేజీ."

"మరి ఉగాదికొస్తానని పోయిన నెల ఫోన్లోనే గదా అంటివి."

ఆ రాత్రే బస్సు టికెట్ బుక్ చేశాను.